పత్తిలో ఆకు రాల్చే మందు: ఆకు చెట్టుకే ఎండిపోకుండా కింద పడాలంటే ఎలా కొట్టాలి

ఆకు రాల్చే మందు కొట్టిన పది రోజులకు రెండు రకాల పత్తి చేలు కనిపిస్తాయి. ఒకదాంట్లో ఆకంతా సాళ్ల మధ్య పడిపోయి, చెట్టు మీద పగిలిన కాయలూ కట్టే మిగులుతాయి. ఇంకోదాంట్లో ఆకు గరగరా ఎండి కొమ్మలకే వేలాడుతుంటుంది. ఆ ఎండాకు చేత్తో తీసినా, మెషీన్‌తో తీసినా నలిగి దూదిలో కలిసిపోతుంది. జిన్నింగ్ మిల్లులో శుభ్రం చేసినా పూర్తిగా వదలదు. అలాంటి చేను కన్నా మందే కొట్టని పచ్చాకు చేను నయం.

రెండు చేలలోనూ కొట్టింది ఒకే మందు కావచ్చు. తేడా వచ్చేది ఎప్పుడు కొట్టారు, ఎంత కొట్టారు, అప్పటికి చెట్టు ఏ స్థితిలో ఉంది అనే దగ్గర. ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి: ఆకు రాలాలంటే అది బతికి ఉండాలి. చచ్చిన ఆకు రాలదు.

ముందు మీ చేనుకు ఇది అవసరమా చూసుకోండి

మన దగ్గర ఎక్కువ మంది వేసేది వెడల్పు సాళ్లలో బీటీ హైబ్రిడ్ పత్తి. కాయ విడతలు విడతలుగా వస్తుంది, తీత కూడా మూడు నాలుగు సార్లు ఉంటుంది. అలాంటి చేలో మొదటి తీతకే ఆకు రాల్చేస్తే పైన ఎదుగుతున్న కాయకు తిండి పెట్టే ఆకు ఉండదు. రెండో తీత, మూడో తీత దెబ్బతింటాయి. వాళ్లు ఈ మందు జోలికి పోవద్దు. ఎర్ర చెల్కల్లో వాన లేక బెట్టకు వచ్చి, ఆకు తానే రాలుస్తున్న చేనుకూ డబ్బు దండగ.

ఇది పనికొచ్చేది ప్రధానంగా దగ్గర దగ్గరగా వేసిన పత్తికి, అంటే ఇప్పుడు హెచ్‌డీపీఎస్ అంటున్న అధిక సాంద్రత పద్ధతికి. సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి దాదాపు 30,000 మొక్కలు పడతాయి. ఒక్కో మొక్కకు కాయలు తక్కువే, కానీ అవన్నీ కాస్త అటూ ఇటూగా ఒకేసారి పగులుతాయి. ఒకటి రెండు తీతల్లో పని ముగించవచ్చు, మెషీన్ దింపాలన్నా వీలవుతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పత్తి దాదాపు మొత్తం మెషీన్ తీతే కాబట్టి అక్కడ ఆకు రాల్చడం కోత పనిలో మామూలు భాగం. మనకు తీత కూలీలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది కనుక ఈ పని నేర్చుకోవాల్సిన రోజులు వచ్చాయి.

ఇంకో లాభం కూడా ఉంది. పంటను తొందరగా ముగిస్తే గులాబీ రంగు పురుగుకు ఆలస్యపు కాయలు దొరకవు. జనవరి, ఫిబ్రవరి దాకా పత్తి చేను నిలబెట్టడమే ఆ పురుగును వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం. నాకైతే ఈ ఒక్క కారణం చాలు.

చేలో అంతర పంటగా కంది ఉంటే మాత్రం ఆపండి. పత్తి ఆకును రాల్చే మందు కంది ఆకును, పూతను వదిలిపెట్టదు. నవంబరులో కంది సరిగ్గా పూత మీద ఉంటుంది.

ఆకు ఎలా రాలుతుందో చేలోనే చూడండి

ఒక పత్తి ఆకును పట్టుకుని కాడ కొమ్మను కలిసే చోట చూడండి. అక్కడ కాడ కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఆ చోట కొన్ని వరుసల చిన్న కణాలతో ఒక పలుచటి పొర ఉంటుంది. ఆకు ఎప్పుడు రాలినా విడిపోయేది ఆ పొర దగ్గరే.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేసి కాడ గుండా కిందికి పంపుతూ ఉంటుంది. అది వస్తున్నంత కాలం ఆ పొర కదలదు. ఆకు ముదిరినా, జబ్బు పడినా, దెబ్బ తిన్నా ఆక్సిన్ రావడం తగ్గుతుంది, ఇథిలిన్ అనే వాయువు పెరుగుతుంది. మామిడికాయలు మాగేటప్పుడు విడుదలయ్యే వాయువు ఇదే. అప్పుడు ఆ పొరలోని కణాలు సెల్యులేజ్, పెక్టినేజ్ అనే ఎంజైములను తయారుచేస్తాయి. గోడలో ఇటుకల మధ్య సిమెంటు ఉన్నట్టు కణాల మధ్య పెక్టిన్ ఉంటుంది. ఈ ఎంజైములు దాన్ని కరిగించేస్తాయి. ఇక ఆకు బరువుకో, చిన్న గాలికో కాడ ఊడిపోతుంది.

ఇది చూడాలంటే మందు కూడా అక్కర్లేదు. కింది కొమ్మల మీద కాస్త ముదిరిన ఆకును ఎంచుకుని, ఆకు భాగం మొత్తం కత్తిరించేసి కాడను మాత్రం వదిలేయండి. గుర్తుకు దారం కట్టండి. రోజూ వెళ్లి కాడను వేలితో మెల్లగా తాకి చూడండి. మొదట గట్టిగా ఉంటుంది. కొన్ని రోజులకు పసుపు పడి, తాకితే చాలు ఊడొస్తుంది. కొమ్మ మీద మచ్చ నునుపుగా, పొడిగా ఉంటుంది. ఇప్పుడు పక్కనే ఉన్న పచ్చి ఆకును కాడ పట్టుకుని లాగండి. బెరడు పీచుతో సహా చీలి, తడి గాయం మిగులుతుంది. ఆకు కత్తిరించినప్పుడు ఆక్సిన్ ఆగింది, కాడ తానే తెగింది. ఆకు రాల్చే మందులన్నీ చేయాలనుకునేది ఈ పనే.

ఇందులో గమనించాల్సిన సంగతి, ఆ ఎంజైములను తయారుచేసేది బతికున్న కణాలు. వాటికి కొన్ని రోజుల టైము, వెచ్చదనం, కాస్త నీరు కావాలి. మందు మరీ ఘాటుగా తగిలి ఆకు, కాడ ఒక్క రోజులో మాడిపోతే ఎంజైములు తయారయ్యేలోపే కణాలు చనిపోతాయి. పొర తెగదు. ఆకు కొమ్మకు అలాగే అతుక్కుని ఎండిపోతుంది.

పత్తి మొక్క ఈ శాస్త్రానికి చాలా ఇచ్చింది. 1963లో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ ఆడికాట్ బృందం లేత పత్తి కాయల నుంచే ఒక హార్మోన్‌ను వేరుచేసింది. కాయలు రాలడానికి అదే కారణమనుకుని పెట్టిన పేరు నుంచే ఈనాటి అబ్‌సిసిక్ ఆమ్లం అనే పేరు వచ్చింది. రాలడంలో ముఖ్య పాత్ర ఇథిలిన్‌దని తర్వాత తేలింది. అంతకు ముందే, 1930ల చివర్లో అమెరికాలోని సౌత్ కరోలినాలో కాల్షియం సైనమైడ్ అనే ఎరువు పొడి మంచుతో తడిసిన పత్తి ఆకుల మీద పడితే ఆకులు రాలిపోవడం చూశారు. పత్తికి ఆకు రాల్చే మందుల కథ అక్కడ మొదలైంది.

ఏ మందు ఏం చేస్తుంది

మందులు రెండు దారుల్లో పనిచేస్తాయి.

మొదటివి హార్మోన్ దారిలో వెళ్లేవి. వీటిలో ముఖ్యమైనది థిడియాజురాన్. 1970ల్లో జర్మనీ కంపెనీ షెరింగ్ దీన్ని బయటికి తెచ్చింది. ఇది పత్తి ఆకులో ఇథిలిన్‌ను పెంచుతుంది, ఆక్సిన్ కాడలోకి రాకుండా అడ్డుకుంటుంది. 1980ల్లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త జెఫ్రీ సటిల్ చేసిన పరిశోధనలు ఈ సంగతి తేల్చాయి. ఆకు పచ్చగా ఉండగానే రాలిపోవడం ఈ మందు ప్రత్యేకత. పసుపు పడలేదు కదా, మందు పనిచేయలేదని కంగారు పడకండి. లేత ఆకును కూడా రాల్చగలదు, మళ్లీ చిగురు రాకుండా కొంతకాలం ఆపగలదు. దీనితో డైయురాన్ అనే గడ్డి మందు కలిపిన రెడీమేడ్ మిశ్రమాలు చాలా దేశాల్లో వాడతారు. ఎకరానికి వెళ్లే అసలు మందు కొన్ని పదుల గ్రాములే కాబట్టి కొలతలో పొరపాటు చాలా దూరం పోతుంది.

ఇథిఫాన్‌ది వేరే పని. మొక్కలోకి వెళ్లాక అది విడిపోయి ఇథిలిన్‌గా మారుతుంది. పత్తిలో దాని ప్రధాన ఉపయోగం ముదిరిన కాయను తొందరగా పగిలించడం. ఆకును కొంత రాలుస్తుంది, కానీ ఒంటరిగా కొడితే మొత్తం రాల్చడం కష్టం. ఒక అపోహ మాత్రం పోవాలి: ఇథిఫాన్ పచ్చి కాయను ముదిరేలా చేయదు, ముదిరిన కాయను తెరుస్తుంది అంతే. లేత కాయ మీద పడితే అది పుచ్చిపోయిన పత్తితో తెరుచుకుంటుంది లేదా రాలిపోతుంది.

రెండో రకం ఆకుకు చిన్న గాయం చేసేవి. ట్రైబుఫాస్, కార్‌ఫెంట్రజోన్, పైరాఫ్లూఫెన్ లాంటివి బయటి దేశాల్లో వాడతారు. గాయపడిన ఆకు తానే ఇథిలిన్ తయారుచేసుకుని రాలుతుంది. గాయం చిన్నదిగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. మోతాదు పెరిగినా, ఎండ మరీ ఎక్కువగా ఉన్నా ఆకు మాడి అతుక్కుంటుంది.

పారాక్వాట్ లాంటి గడ్డి మందుతో ఆకు రాల్చాలని చూసేవాళ్లకు గట్టిగా చెప్తున్నాను, ఆ పని చేయకండి. అది ఆకును మాడ్చే మందు, రాల్చేది కాదు. పైగా కడుపులోకి వెళితే విరుగుడు లేని విషం. ఇంట్లో అది ఉండటమే ప్రమాదం.

షాపులో కొనేటప్పుడు డబ్బా లేబుల్ తిప్పి చూడండి. పంట పేరు దగ్గర పత్తి అని, ఉపయోగం దగ్గర ఆకు రాల్చడం అని రెండూ రాసి ఉండాలి. మామిడికో, దానిమ్మకో, పైనాపిల్‌కో అనుమతి ఉన్న ఇథిఫాన్‌ను పత్తికి కూడా పనికొస్తుందంటూ అంటగడితే తీసుకోకండి. మీ మండల వ్యవసాయ అధికారినో, దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి ఈ ఏడాది ఏ మందుకు అనుమతి ఉందో తెలుసుకోండి. మోతాదు లేబుల్ మీద ఉన్నదే వేయండి. పక్క రైతు చెప్పింది, షాపతను చెప్పింది పక్కన పెట్టండి.

నెల రోజుల ముందు నుంచే చేను సిద్ధం చేయండి

ఆకు సులువుగా రాలే చేను ఎలా ఉంటుందంటే, కాయ బరువుకు చెట్టు పెరుగుదల ఆగిపోయి, పైన పూత నిలిచిపోయి, ఆకు కాస్త ముదిరి ఉంటుంది. యూరియా ఎక్కువై, ముదురాకుపచ్చగా, చివర్లు ఇంకా ఎగబడుతున్న చేనులో ఎంత మంచి మందు కొట్టినా ఫలితం సగమే. లేత ఆకులో ఆక్సిన్ ఎక్కువ కనుక అది రాలడానికి ఒప్పుకోదు. రాల్చినా రెండు వారాల్లో కొత్త చిగురు పుట్టుకొస్తుంది. ఆ పచ్చటి చిగురు తీతలో దూదికి పచ్చ మరక అంటిస్తుంది, తేమ పెంచుతుంది.

అందుకే పై ఎరువు ఆలస్యంగా వేయొద్దు. కాయ పగలడం మొదలయ్యాక నత్రజని ఇవ్వడంలో అర్థం లేదు. నీటి వసతి ఉన్నవాళ్లు కాయ ముదిరాక తడులు ఆపేయండి. అలాగని ఆకు వాడి వేలాడేంత బెట్టకు కూడా తేవద్దు. బెట్టకొచ్చిన ఆకు మీద మైనపు పొర మందమవుతుంది, మందు లోపలికి ఇంకదు. పొద్దున పూట ఆకు నిటారుగా నిలబడి ఉండాలి, మధ్యాహ్నానికి కాస్త వాడినా పర్వాలేదు.

కొట్టే రోజు ఎలా తేల్చుకోవాలి

దీని దగ్గర ఎక్కువ టైము పెట్టండి. తొందరపడితే దిగుబడి, దూది నాణ్యత రెండూ పోతాయి. ఆకు రాలాక కాయకు తిండి అందదు, కాబట్టి ఆ రోజు వరకు ముదిరిన కాయే మీ పంట. లేత కాయల్లోని దూది పోగు లోపల నిండదు, మైక్రోనేర్ (పోగు సన్నదనాన్ని, ముదురుదనాన్ని చెప్పే కొలత) పడిపోతుంది. సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనుగోలులో కూడా మైక్రోనేర్ చూస్తారని మర్చిపోవద్దు.

మూడు పరీక్షలు ఉన్నాయి. మూడూ చేయండి.

మొదటిది పగిలిన కాయల లెక్క. చేలో నాలుగైదు చోట్ల, గట్టు పక్క కాకుండా లోపలికి వెళ్లి, ఒక్కో మీటరు సాలులో మొత్తం తీయదగ్గ కాయలెన్ని, అందులో పగిలినవెన్ని లెక్కపెట్టండి. నూటికి 60 పగిలి ఉంటే సాధారణంగా టైము వచ్చినట్టే. కానీ దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. మధ్యలో పురుగు వల్లో, వాన వల్లో గూడ (పూమొగ్గ) రాలి, కింద కొన్ని కాయలు, పైన కొన్ని కాయలు ఉన్న చేనులో కింద 60 శాతం పగిలినా పైవి ఇంకా పాలు మీదే ఉండొచ్చు.

అందుకే రెండోది, కణుపుల లెక్క. ప్రధాన కాండాన్ని పట్టుకోండి. కాయ కొమ్మల మీద కాండానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కాయలను మాత్రమే చూడండి. వాటిలో దూది కనిపించేలా పగుళ్లిచ్చిన కాయ అన్నిటికన్నా పైన ఏ కొమ్మ మీద ఉంది? అక్కడి నుంచి పైకి, మీరు తీద్దామనుకుంటున్న చివరి కాయ ఉన్న కొమ్మ దాకా కణుపులు లెక్కపెట్టండి. నాలుగు లేదా అంతకన్నా తక్కువ వస్తే మందు కొట్టినా నష్టం లేదు. మొక్కలు పలుచగా ఉండి, పక్క కొమ్మలు బాగా వేసిన చేనులో మూడు దాకా ఆగండి. ఐదు, ఆరు వస్తే ఇంకో వారం ఆగాలి. కనీసం పది, పదిహేను మొక్కల్లో చూసి సగటు తీయండి.

మూడోది నాకు అన్నిటికన్నా నమ్మకమైనది, కాయ కోసి చూడటం. తీద్దామనుకుంటున్న కాయల్లో అన్నిటికన్నా పైన ఉన్నవి నాలుగైదు తెంపండి. పదునైన బ్లేడుతో అడ్డంగా కోయండి. లేత కాయ సులువుగా తెగుతుంది, లోపల నీళ్లు కారతాయి, గింజ తెల్లగా, మధ్యలో జిగట జెల్లీలా ఉంటుంది. అలా ఉంటే వెనక్కి తిరిగి రండి. ముదిరిన కాయ కోసేటప్పుడు బ్లేడుకు దూది పోగులు సాగుతూ వస్తాయి. గింజ పెంకు గోధుమ రంగులోకి మారుతుంటుంది. గింజను కూడా కోసి చూస్తే లోపల మడతపెట్టిన చిన్న ఆకుల్లా బీజదళాలు నిండుగా కనిపిస్తాయి, జెల్లీ ఉండదు. ఆ కాయ ఆకు లేకపోయినా తెరుచుకుంటుంది.

పైన ఒకటి రెండు కాయలు ముదరడం కోసం మూడు వారాలు ఆగి, కింద పగిలిన మంచి పత్తిని వానకు, మంచుకు పెట్టడం లాభం కాదు. ఏ కాయ వరకు మీ పంట అనుకోవాలో మీరే గీత గీసుకోవాలి.

వాతావరణం చూసుకోండి

ఎంజైములు వెచ్చదనంలో చురుగ్గా ఉంటాయి. థిడియాజురాన్ బాగా పనిచేయాలంటే రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల కన్నా కిందికి పడకూడదు. ఇథిఫాన్‌కు 16 డిగ్రీల దాకా ఫర్వాలేదు. అంతకన్నా చలి పెడితే పనే జరగదని కాదు, ఏడు రోజుల్లో రాలాల్సింది పదిహేను రోజులు తీసుకుంటుంది, అప్పటికీ సగం మిగులుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నవంబరు రెండో సగం నుంచే రాత్రులు బాగా చల్లబడతాయి. అక్కడి రైతులు చలి ముదరకముందే, అంటే అక్టోబరు చివర, నవంబరు మొదటి రోజుల్లోకి ఈ పని వచ్చేలా విత్తనం, రకం ఎంచుకోవాలి. గుంటూరు, పల్నాడు, కర్నూలు వైపు చలి తక్కువ, వాళ్లకు ఇంకొంత వెసులుబాటు ఉంటుంది. కానీ కోస్తాకు అక్టోబరు, నవంబరులో తుపాను భయం ఉంది.

ఎండ 35 డిగ్రీలు దాటుతుంటే వ్యతిరేక సమస్య. మందు ఘాటు పెరిగి ఆకు మాడుతుంది. అలాంటప్పుడు లేబుల్ మీద ఇచ్చిన కనీస మోతాదు, సాయంత్రం పూట.

వాన గురించి: థిడియాజురాన్ కొట్టాక 24 గంటలు, ఇథిఫాన్ కొట్టాక కనీసం 6 గంటలు వాన పడకూడదు. వాతావరణ శాఖ సూచన చూసి ఐదు రోజులు ఎండ ఉంటుందంటేనే దిగండి. ఆకు రాలాక పగిలిన పత్తికి చాటు ఉండదు, వాన నేరుగా దూది మీద పడుతుంది.

ఎంత చేను ఒకేసారి కొట్టాలన్నది మీ తీత సామర్థ్యం తేలుస్తుంది. ఆకు రాలాక ఆలస్యం లేకుండా తీయగలిగినంతే కొట్టండి. ఐదెకరాలుండి కూలీలు తక్కువైతే రెండు, మూడు విడతలుగా, వారం తేడాతో కొట్టండి.

పంపును చేనుతో కొలిచి చూసుకోండి

ఈ మందులు మొక్కలో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పెద్దగా పోవు. తడిసిన ఆకే రాలుతుంది. కింది ఆకులు, లోపలి ఆకులు తడవకపోతే అవి అలాగే పచ్చగా ఉండిపోతాయి. అందుకే ఇక్కడ నీటిని ఆదా చేయాలని చూడకండి.

మొదట మామూలు నీళ్లతో కొలవండి. నాలుగు గుంటలు, ఆంధ్ర వైపు లెక్కలో పది సెంట్లు, తాడుతో కొలిచి గుర్తులు పెట్టండి. అది ఎకరంలో పదో వంతు. మీరు మామూలుగా నడిచే వేగంతో, అదే నాజిల్‌తో ఆ ముక్కను పూర్తిగా తడపండి. 16 లీటర్ల ట్యాంకు ఒకటి సరిపోతే ఎకరానికి 160 లీటర్లు, పది ట్యాంకులు. లేబుల్ మీద ఎకరం మోతాదును పదితో భాగించండి, అదే ఒక్కో ట్యాంకుకు వేయాల్సింది. హెక్టారుకు రాసి ఉంటే ముందు రెండున్నరతో భాగించి ఎకరం లెక్క తెచ్చుకోండి. మూతలతో కాదు, కొలగ్లాసుతో కొలవండి.

నీళ్లు కొట్టిన ముక్కలో చెట్టు మధ్యలోకి చేయి పెట్టి కింది ఆకులు తిప్పి చూడండి. తడి లేకపోతే నాజిల్ మార్చాలి లేదా నెమ్మదిగా నడవాలి. ఆకు నుంచి నీరు కారిపోయేంత ముంచెత్తడం మాత్రం వద్దు. డ్రోన్‌తో కొట్టాలనుకునేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా ఆలోచించాలి, ఎకరానికి అది చల్లే కొద్ది లీటర్లతో గుబురు చేను అడుగుదాకా తడవడం కష్టం.

కొట్టే రోజు

చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా, కాళ్లకు బూట్లు వేసుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సోవియట్ కాలంలో ఉజ్బెకిస్తాన్ పత్తి చేల మీద బ్యూటిఫాస్ అనే ఆకు రాల్చే మందును విమానాలతో చల్లేవారు. ఆ చేలలోకే బడి పిల్లల్ని, కాలేజీ విద్యార్థుల్ని తీతకు పంపేవారు. జనం ఆరోగ్యం దెబ్బతిన్నాక, గొడవలయ్యాక 1980ల చివర్లో దాన్ని నిషేధించారు. ఇప్పటి మందులు దానికన్నా మేలైనవే, అయినా మీ తీత కూలీల ఒంటికి, చేతులకు తగిలేది మీరు కొట్టిన చేనే. లేబుల్ మీద రాసిన రోజులు గడవకుండా ఎవరినీ తీతకు దించకండి.

గాలి లేని పూట, మంచు ఆరాక మొదలుపెట్టండి. గాలి మీ పక్క చేను వైపు వీస్తుంటే ఆపండి. ఖమ్మం, గుంటూరు వైపు పక్కనే మిరప ఉంటుంది. ఇథిఫాన్ తుంపర్లు దాని మీద పడితే పూత, పిందె రాలిపోతుంది. పక్క రైతుకు ముందు రోజే ఒక మాట చెప్పండి, గట్టు వైపు నాలుగైదు సాళ్లు వదిలేయండి.

ట్యాంకులో సగం నీళ్లు పోసి, మందు కొలిచి కలిపి, తిప్పుతూ మిగతా నీళ్లు పోయండి. ఇథిఫాన్ ఉంటే కలిపిన వెంటనే వాడేయండి. అది ఆమ్లంలోనే నిలకడగా ఉంటుంది, క్షార గుణం ఉన్న బోరు నీళ్లలో విడిపోయి ఇథిలిన్‌గా గాల్లోకి పోతుంది. రాత్రి కలిపి పొద్దున కొట్టడం అసలు పనికిరాదు. దీనితో పాటు పురుగు మందు, ఆకు మీద కొట్టే యూరియా, ఇంకేదీ కలపకండి. ఆకు ముదిరి గరుకుగా ఉన్న చేనుకు అంటుకునే జిగురు మందు వాడాలా అన్నది లేబుల్ చెబితేనే వాడండి. అది మందును ఇంకించడంతో పాటు ఘాటు కూడా పెంచుతుంది.

తర్వాత రోజుల్లో చేను చదవడం

రెండో రోజు, మూడో రోజు పెద్ద మార్పు కనిపించదు. నాలుగో రోజు పొద్దున్నే చేలోకి వెళ్లి ఒక కొమ్మను మెల్లగా కదిపి చూడండి. ఆకు ఇంకా మెత్తగా ఉండి, కాడ తాకగానే నునుపుగా ఊడొస్తే పని సాగుతోంది. ఏడు నుంచి పది రోజుల్లో ఎక్కువ ఆకు కింద ఉండాలి. ఆకు ఇప్పటికే గరగరలాడుతూ, కాడ వంగుతుందే కానీ ఊడకపోతే మోతాదు ఎక్కువైంది లేదా ఎండ ఎక్కువైంది. ఆ ఆకు మీద మళ్లీ మందు కొట్టడం శుద్ధ దండగ. అక్కడ మందుకు స్పందించే కణమే లేదు. అలాంటి చేను చేత్తోనే తీయించండి, మంచు కాస్త ఆరుతున్న పూట, ఆకు పూర్తిగా పెళుసు కాకముందు. తీసిన పత్తిని ఆరబెట్టి, తేమ 8 శాతం దగ్గరకు తెచ్చి మార్కెట్‌కు పట్టండి, 12 దాటితే సీసీఐ కొనదు.

కింద కొంత పచ్చాకు మిగిలిందంటే అది తడవని ఆకు. లేబుల్ ఒప్పుకుంటే ఏడు, పది రోజులకు రెండోసారి, ఈసారి అడుగు భాగం తడిసేలా కొట్టవచ్చు. గుబురు చేనులో మొదటి నుంచే రెండు విడతలు అనుకోవడం మేలు. మొదటి విడతలో పై ఆకు పోతే రెండో విడతకు అడుగుదాకా దారి దొరుకుతుంది.

పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీత మొదలుపెట్టండి. ఇంకా ఆలస్యమైతే కణుపుల దగ్గర చిగురు పుడుతుంది, ముఖ్యంగా మధ్యలో వాన పడితే.

తీత అయ్యాక

మన ఊళ్లలో పత్తి తీసేశాక చేలోకి గొర్రెలు, మేకలు, బర్రెలు దిగుతాయి. ఆకు రాల్చే మందు కొట్టిన చేలోకి పశువులను తోలవద్దని చాలా లేబుళ్ల మీద రాసి ఉంటుంది. గొర్రెల కాపరులకు ఆ సంగతి ముందే చెప్పండి, వాళ్లు లేబుల్ చదవరు, మీరు చెప్తేనే తెలుస్తుంది. రాలిన ఆకును మేతకు పోగు చేయొద్దు. పత్తి కట్టెను నిలబెట్టి ఉంచకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి భూమిలో కలిపేయండి. గులాబీ రంగు పురుగు మిగిలిన ఎండు కాయల్లోనే దాక్కుంటుంది.

పంపును మాత్రం ఆ సాయంత్రమే కడగండి. ట్యాంకు, పైపు, నాజిల్, జల్లెడ విడదీసి మూడుసార్లు శుభ్రమైన నీళ్లతో తిప్పి, ఆ నీళ్లను బావి దగ్గరో కాలువలోనో కాకుండా మందు కొట్టిన చేలోనే పోయండి. తర్వాత అదే పంపుతో మిరపకో, టమాటాకో, కందికో మందు కొట్టాలంటే ముందు ట్యాంకు నీళ్లతో నింపి రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి మళ్లీ కడగండి. అప్పటికీ అనుమానం ఉంటే ఆ పంపులో మామూలు నీళ్లు పోసి గట్టు మీది రెండు మిరప మొక్కలకు కొట్టి, వారం రోజులు ఆకు చూశాకే మిగతా చేనులోకి దిగండి.